కుంఫిణీకి కావలి యెవరు?

(ఒక పట్టణ గ్రంథాలయ వార్షికోత్సవ సభలో చదివిన ఉపన్యాసము)



ఈ గ్రంథాలయ కార్యదర్శిగారు మమ్ము ఆహ్వానించుచు, కంపెనీల బలమును గూర్చియు, వానిపై ప్రభుత్వమునకు ఉండవలసిన అదుపును గూర్చియు నాలుగు మాటలు చెప్పవలసినదని కోరిరి. ఇది వర్తకులకును వకీళ్లకును తగిన విషయమే గాని సామాన్యులకు దీనితో నేమి పని యని మీలో కొందఱికి తోపవచ్చును. మా మనవి యేమనగా, ఓటు గల ప్రతి పౌరునకును దీనితో పని కలదు. ఉదయమున మనము వెలిగించు దీపము మొదలు రాత్రి మ్రింగు మాత్ర వఱకు ఏదో యొక కంపెనీ చేతిమీదుగ రానిది నేడు కొలదియే. మన యింటిలోనికి ఇంత దూరము వచ్చిన దానిని గూర్చి మనకు తెలిసినది మాత్రము మిక్కిలి స్వల్పము.

కొంతకాలము క్రిందట ఒక విశ్రాంతోపాధ్యాయుడు మా ఆఫీసుగదికి వచ్చెను. ఉద్యోగవిరమణనాడు చేతికందిన సొమ్ములో ముప్పాతికభాగము, కూతురి పెండ్లికని, అధికవడ్డీ ఇత్తుమన్న యొక కంపెనీలో డిపాజిటు చేసియుండెను. గుడ్డసంచిలో రసీదులు వరుసగ పేర్చి దారముతో కట్టి తెచ్చెను. ఒక్క రసీదైనను నలుగలేదు. ఆ కంపెనీవారి శాఖకు తాళము పడినది. గోడమీది పేరుపలక కూడ దించివేసినారు. మేము కాగితములు చూచి, కంపెనీ రిజిస్టరు కార్యాలయము వేఱొక నగరమున నున్నదనియు, డైరెక్టర్లు మాఱిరనియు, వారి సొంత ఆస్తి వేఱు, కంపెనీ ఆస్తి వేఱనియు వివరించితిమి. ఆయన సాంతము విని, "అయ్యా, నాకొక్క మాట చెప్పుడు. ఈ కంపెనీ యనునది ఎచట నుండును? ఎవరిని నిలదీసి అడుగవలెను?" అనెను. మేము మరల చట్టమును వివరింపబోగా చేయెత్తి వారించి, "అనగా ఎచటను లేదన్నమాట" అని సంచి ముడివైచికొనెను. ముప్పది ఏండ్లు పిల్లలకు లెక్కలు నేర్పిన మనుష్యుడు అడిగిన ఆ ప్రశ్నకు మేము నాడు సరియైన సమాధానము చెప్పలేకపోతిమి. నేటి యీ ఉపన్యాసము ఆయనకు బాకీపడిన జవాబు.

కంపెనీ యనగా చట్టము పుట్టించిన మనిషి. దానికి దేహము లేదు, ఆకలి లేదు, వార్ధక్యము లేదు. ఐనను అది ఆస్తి సంపాదించును, అప్పు చేయును, న్యాయస్థానమున దావా వేయును. దానికి జన్మమిచ్చునది ప్రభుత్వపు రిజిస్ట్రారు ఇచ్చు ఒక కాగితము. పుట్టుకతోడనే దానికొక గొప్ప వరము కూడ లభించును. దానిలో వాటా కొన్నవానికి ఆ వాటా విలువకు మించి నష్టబాధ్యత లేదు. ఇంగ్లండులో 1855 లోను, మన దేశమున 1857 లోను ఈ పరిమితబాధ్యతా సూత్రము చట్టమునకెక్కినది. కంపెనీ వేఱు, దానిని పెట్టినవాడు వేఱు అను సిద్ధాంతమును 1896 లో సాలమన్ దావాలో ఇంగ్లండు ప్రభువులసభ స్థిరపఱచినది. మన ఉపాధ్యాయుని అడ్డగించిన గోడ ఇదియే.

ఈ వరము అన్యాయమైనదని మేము చెప్పుట లేదు. నష్టము వచ్చినచో ఇల్లువాకిలి పోవునన్న భయమున్నచోట, నలుగురు చేరి రైలుబాట వేయలేరు, ఉక్కుకర్మాగారము కట్టలేరు. స్వాతంత్ర్యోద్యమకాలమున మన పెద్దలును కంపెనీలనే ఆయుధముగ గైకొనిరి. 1906 లో చిదంబరం పిళ్ళెగారు తూత్తుకుడిలో స్వదేశీ స్టీము నావికాకంపెనీ స్థాపించి తెల్లవారి ఓడలతో పోటీకి దిగిరి. 1923 లో డాక్టరు పట్టాభి సీతారామయ్యగారు బందరులో ఆంధ్రాబ్యాంకు నెలకొల్పిరి. ఆ బ్యాంకు 2020 లో యూనియన్ బ్యాంకులో విలీనమైనను, ఆంధ్రుల పొదుపు ఆంధ్రుల పనికి వచ్చుననుటకు దాదాపు నూఱేండ్లు సాక్షిగ నిలిచినది. కాబట్టి కంపెనీ యనినంతనే శత్రువనుకొనుట తెలివితక్కువ. మేము చెప్పునది ఇంతే: వరము ఇచ్చినది సమాజము; లెక్క అడుగు హక్కును సమాజమునదే. లెక్క చెప్పనొల్లని కంపెనీ, కొన్న సరుకునకు వెల ఇయ్యని గిరాకీ వంటిది.

ఈ సంగతి తెలుగువారికి ఇతరులు నేర్పవలసిన పని లేదు. 'కంపెనీ' యన్న మాటను మన ముత్తాతలు 'కుంఫిణీ' యనిరి. వారి నోట ఆ మాటకు అంగడి యని గాక దొరతనమని అర్థము. 1600 సంవత్సరాంతమున లండనులో పట్టాపొందిన ఈస్టిండియా కంపెనీ ఓడ 1611 లో మచిలీపట్టణము చేరినది. నాడు వారడిగినది కలంకారీగుడ్డల బేరము మాత్రమే. నూటయేబది ఏండ్లు గడచి 1765 వచ్చుసరికి బంగాళపు దివానీయు, మన ఉత్తరసర్కారులకు ఫర్మానాయు ఆ వర్తకుల చేతిలో పడెను. పన్ను వసూలు చేయువారు వారే. ఆ పన్నుతో సరుకు కొనువారును వారే. 1770 లో బంగాళమున కాటకము వచ్చి లక్షోపలక్షలు నశించిరి. నందన కరువున, 1832–33 లో, ఒక్క గుంటూరుసీమలోనే లక్షకు మించిన జనులు మడిసిరి. వాటాదారుని లాభమును లెక్కించు గుమాస్తా దేశము నేలినచో జరుగునది ఇది.

అట్టి కుంఫిణీకి కావలి లేకపోయెనా? కావలియుండెను. అది బ్రిటిషు పార్లమెంటు. 1767 లో ఆ పార్లమెంటు చేసిన పని యేమి? కంపెనీ రాబడిలో నుండి ఏటికి 4 లక్షల పౌనులు ఖజానాకు చెల్లింపవలెనని ఒప్పించినది. అనగా కావలివాడే పంటలో పాలుపుచ్చుకొనెను. ఐదాఱేండ్లలోనే కంపెనీ దివాలా అంచున నిలిచి, అప్పిమ్మని అదే ప్రభుత్వమును ప్రాధేయపడెను. అప్పుడు గాని 1773 లో రెగ్యులేటింగు చట్టము రాలేదు. అదియు చాలక 1784 లో పిట్టుగారి చట్టము వచ్చినది. వారెన్ హేస్టింగ్సుపై 1788 లో మొదలైన మహాభియోగము ఏడేండ్లు సాగి 1795 లో నిర్దోషియన్న తీర్పుతో ముగిసెను. కంపెనీ ఏలుబడి 1858 లో పోయినది; కంపెనీయే 1874 లో అంతరించినది. అప్పటికి ఆ కావలి మనకు మిగిల్చినది ఇంకొక దొరతనమును మాత్రమే. ఆ పార్లమెంటునకు మనము ఓటు వేసినవారము కాము. కావున మన గోడు దానికి వినబడలేదు. నేటి మన పార్లమెంటునకు ఓటు వేయువారము మనమే. నాటికిని నేటికిని గల భేదమంతయు ఇందులోనే యున్నది. ఈ భేదమును కాపాడుకొనుటయా, చేజార్చుకొనుటయా యన్నదే మన ముందున్న ప్రశ్న.

ఎందుచేతననగా, కంపెనీసభకును ప్రజాస్వామ్యమునకును ఓటు విషయమున మూలతః విరోధము కలదు. కంపెనీసభలో వాటాకొక ఓటు. వేయి వాటాలున్న వానికి వేయి ఓట్లు. మన రాజ్యాంగమున మనిషికొక ఓటు; కోటీశ్వరునకును కూలివానికిని ఒక్కటే. ఈ రెండు న్యాయములును తమతమ హద్దులలో నుండుట మంచిది. మొదటి న్యాయము హద్దు దాటి రెండవ దానిలో ప్రవేశించినచో, శాసనసభ వాటాదారుల సభగ మాఱును. దానిని ఆపవలసిన కావలి మూడు విధముల చెడుచుండుట మన కాలముననే కండ్లార చూచితిమి.

మొదటిది, కావలివాడు నిద్రించుట. మన హైదరాబాదు నగరమున సత్యం కంప్యూటర్సు అను సంస్థ పెరిగి, సుమారు 50,000 మందికి కొలువిచ్చి, దేశదేశముల ఖ్యాతి కెక్కెను. 2008 సెప్టెంబరులో ఉత్తమ పరిపాలనకు గాను దానికి బహుమానము కూడ లభించెను. డైరెక్టర్లలో లోకప్రసిద్ధ విద్యాలయముల ఆచార్యులుండిరి. లెక్కలు తనిఖీ చేసినది జగత్ప్రసిద్ధ ఆడిటు సంస్థ. అదే యేడు డిసెంబరు 16 న, అధ్యక్షుని కుటుంబమునకు చెందిన రెండు మేటాస్ కంపెనీలను కొనుటకు ఆ డైరెక్టర్ల సభ సమ్మతించెను. వాటాదారులు కేకలు వేయగా గంటలలోనే ఆ తీర్మానమును ఉపసంహరించుకొనిరి. 2009 జనవరి 7 న అధ్యక్షుడు రామలింగరాజు స్వహస్తమున ఒప్పుకొన్నదేమనగా, రొక్కము, బ్యాంకునిలువలు కలిసి 5,361 కోట్ల రూపాయలని పట్టికలో చూపగా, అందు 5,040 కోట్లు లేనేలేవట! ఏండ్ల తరబడి ఒక్కరైనను బ్యాంకునకు నేరుగ పోయి, ఈ సొమ్ము నిజముగ నున్నదా యని అడిగి చూడలేదు. పచారీకొట్టు గుమాస్తా ప్రతిరాత్రి గల్లాపెట్టె లెక్కించును. ఆపాటి పనిని ఇంతటి సంస్థలో చేసినవారు లేకపోయిరి.

ఇచ్చట ప్రభుత్వమునకు రావలసిన మెప్పును ఇయ్యక తప్పదు. దినములలోనే పాత డైరెక్టర్లను తొలగించి క్రొత్తవారిని నియమించినది. ఏప్రిలునాటికి టెక్ మహీంద్రావారు ఆ సంస్థను కొని నిలువబెట్టిరి. అందువలన వేలకొలది కుటుంబములు వీధిని పడలేదు. 2015 ఏప్రిలులో హైదరాబాదు ప్రత్యేక న్యాయస్థానము నేరము స్థిరపఱచి ఏడేండ్ల శిక్ష విధించినది. మఱుసటి నెలలోనే అప్పీలుపై ఆ శిక్ష నిలుపుదలయైనది. ఈ అనుభవముతో 2013 కంపెనీల చట్టము ఆడిటరు ఏండ్ల తరబడి పాతుకొనకుండ గడువు పెట్టినది. 2018 లో ఆడిటర్లపై ఒక జాతీయ అధికారసంస్థయు ఏర్పడినది. మంచిదే. కాని ఈ మేల్కొలుపంతయు ముద్దాయి తానై ఉత్తరము వ్రాసిన పిమ్మట వచ్చినదని మఱువరాదు. దొంగలు పడిన ఆఱునెలలకు కుక్కలు మొఱిగినవన్న సామెత మనవారు ఊరక చెప్పలేదు.

రెండవది, కావలివాడు మెలకువగ నుండియు కదలకుండుట. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్టణములో, గోపాలపట్టణము చెంతనున్న ఆర్. ఆర్. వెంకటాపురము నిద్రించుచుండెను. సమీపమున ఎల్జీ పాలిమర్సు కర్మాగారము. మహమ్మారి కారణముగ ఆఱువారములు మూతపడియుండిన ఆ కర్మాగారపు తొట్టిలో నిలువయున్న స్టైరీను వేడెక్కి ఆవిరియై ఊరిమీద పడెను. పండ్రెండుగురు మరణించిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి, పశువులు కట్టుకొయ్యల చెంతనే పడిపోయెను. ఊరిని లేపవలసిన ప్రమాదఘంట మ్రోగలేదు.

ఇందు మేము ముఖ్యముగ మీ దృష్టికి తెచ్చునది వేఱొకటి. తమకు చెల్లుబాటగు కేంద్ర పర్యావరణానుమతి లేదని ఆ సంస్థయే 2019 లో అధికారులకు సమర్పించిన ప్రమాణపత్రమున వ్రాసియిచ్చినది. అనగా అది రహస్యము కాదు. సర్కారువారి దస్త్రములోనే యున్నది. దానిని చూచినవాడు చూచెను. మఱుబల్లకు పంపినవాడు పంపెను. ఒక్క చేయియైనను కర్మాగారపు తలుపు తట్టలేదు. దుర్ఘటన జరిగిన మఱునాడే జాతీయ హరిత న్యాయమండలి 50 కోట్ల రూపాయలు జమకట్టుమని ఉత్తరువు చేసినది. రాష్ట్రప్రభుత్వము ఉన్నతాధికారసంఘమును వేసి విచారించినది. అవి చేతులు కాలిన పిమ్మట పట్టిన ఆకులు. 1984 డిసెంబరులో భోపాలు నగరము విషవాయువునకు ఆహుతియైన పిమ్మటనే గదా 1986 లో పర్యావరణ పరిరక్షణచట్టము పుట్టినది! మన దేశమున ఇట్టి చట్టములకు పీఠికలు శవములతో వ్రాయబడుచున్నవి. ముప్పదియైదేండ్ల పిమ్మట ఆ చట్టముండగనే వెంకటాపురమునకు అదే తెల్లవారుజాము వచ్చినదనగా, చట్టముండుట వేఱు, కావలియుండుట వేఱని తేలుచున్నది.

మూడవది అన్నిటికంటె ఘోరము: కావలివాడు కంపెనీ ఉప్పు తినుట. రాజకీయపక్షములకు కంపెనీలు ఇచ్చు చందాల కథ పాతదే. 1957 లో బొంబాయి హైకోర్టు ముందునకు ఇట్టి వివాదము వచ్చినప్పుడు, ప్రధానన్యాయమూర్తి ఛాగ్లాగారు ఈ చందాలు ప్రజాస్వామ్యమును ఊపిరాడనీయని స్థితికి తేగలవని పార్లమెంటును హెచ్చరించిరి. 1969 లో కంపెనీచందాలు నిషేధింపబడెను. 1985 లో పరిమితితో మరల అనుమతింపబడెను. 2013 చట్టము ప్రకారము కడచిన మూడేండ్ల సగటులాభమున నూటికి ఏడున్నర రూపాయలు మించరాదు. ఏ పక్షమునకు ఎంత ఇచ్చినది లెక్కలలో వ్రాయవలెను. 2017 లో ఈ రెండు కట్లును తెంచివైచిరి. 2018 జనవరిలో ఎన్నికల బాండ్లు వచ్చినవి. ఇచ్చువాని పేరు ప్రజలకు తెలియదు, పరిమితి లేదు, నష్టములో నున్న కంపెనీయు ఇయ్యవచ్చును. 2024 జనవరి వఱకు 16,000 కోట్ల రూపాయలకు పైబడిన బాండ్లు అమ్ముడుపోయెను.

ఓటరునకు తెలియదు సరే. పుచ్చుకొన్న పక్షమునకును తెలియదని నమ్మునంతటి అమాయకులెవరు? ఒకచేత అనుమతిపత్రము, రెండవచేత చందాపుస్తకము పట్టిన దొరతనము తనిఖీకి పోయినప్పుడు ఏ చేయి చాచునో మనకెట్లు తెలియును? 2024 ఫిబ్రవరి 15 న సుప్రీముకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల పీఠము ఏకగ్రీవముగ ఈ పథకమును రాజ్యాంగవిరుద్ధమని కొట్టివైచినది. పరిమితిని తొలగించిన సవరణను కూడ చెల్లదన్నది. మార్చినెలలో పేర్లు వెల్లడియైనవి. ఆ జాబితాలో ఒక్క పక్షము గాక, పాలించినవియు ప్రతిపక్షమున నుండినవియు అనేకము కనబడినవి; మన తెలుగురాష్ట్రముల పక్షములును వానిలో నున్నవి. కంచెయే చేను మేసినచో కాపు ఎవరితో చెప్పుకొనును? 1767 లో 4 లక్షల పౌనులకు కన్నుమూసిన పార్లమెంటు కథ మనకిచ్చట జ్ఞప్తికి రావలెను.

కావలి మేలుకొనిన దినములును మనకు లేకపోలేదు. 1956 లో ప్రభుత్వము 245 బీమాసంస్థలను కలిపి జీవితబీమా కార్పొరేషనును ఏర్పఱచెను. మఱుసటి యేడే ఆ కార్పొరేషను, హరిదాసు ముంధ్రా అను వర్తకుని ఆఱు కంపెనీల వాటాలను కోటి రూపాయలకు పైగ వెచ్చించి కొన్నది. బీదసాదల బీమాసొమ్ము చిక్కులలోనున్న కంపెనీల కేల పోయెనని లోకసభలో లేచి అడిగినది ప్రతిపక్షమువారు కారు. కాంగ్రెసు సభ్యుడును, ప్రధానమంత్రి జవహరులాలుగారికి స్వయముగ అల్లుడునైన ఫిరోజు గాంధీగారు. విచారణ ఛాగ్లాగారికే అప్పగింపబడెను. ఆయన తలుపులు మూయక, బొంబాయిలో జనులందఱు వినుచుండ సాక్షులను ప్రశ్నించిరి. నెల తిరుగకమునుపే నివేదిక ఇచ్చిరి. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు రాజీనామా ఇచ్చిరి. ఇందులో ఒక పాఠము కలదు. సర్కారు సంస్థయైనంత మాత్రమున కావలి అక్కఱలేదనుకొనరాదు. తన పక్షమువారినే ప్రశ్నించువాడొకడు, తెఱచిన తలుపుల విచారణ, త్వరగ వచ్చు తీర్పు. ఈ మూడు కూడినప్పుడు చట్టమునకు ప్రాణము వచ్చును.

ఇక కొందఱు మిత్రులు, "అయ్యా, మీరు చెప్పు కావలి మరల లైసెన్సుల రాజ్యమును తెచ్చును. గుమాస్తా సంతకమునకై పరిశ్రమాధిపతి ఢిల్లీలో ఏండ్లతరబడి పడిగాపులు పడిన దినములు మఱచితిరా?" అని అడుగుదురు. మఱువలేదు. ఆ ఆక్షేపణలో సత్యమున్నది. ఎంత ఉత్పత్తి చేయవలెనో, ఏ యంత్రము తెచ్చుకొనవలెనో కూడ సర్కారు నిర్ణయించిన కాలమున వర్ధిల్లినది లంచము. అప్పటికే లోపలనున్న పెద్దకంపెనీలకు అది కోటగోడ యైనది. 1991 జూలైలో మన పి. వి. నరసింహారావుగారి ప్రభుత్వము ఆ సంకెలలను చాలవఱకు విప్పుట దేశమునకు మేలే చేసినది. కాని మఱుసటి యేడే షేరుబజారులో హర్షదు మెహతా కుంభకోణము బయటపడెను. బజారును కాయవలసిన 'సెబీ' సంస్థకు శాసనాధికారము వచ్చినదియు ఆ 1992 లోనే. తలుపు తెఱచినవారు కావలివానిని ఆ తలుపుతోపాటే నిలిపియుండవలసినది.

అనుమతి వేఱు, పర్యవేక్షణ వేఱు. అనుమతి పని మొదలిడకమునుపు ఆపును; అది నలుగురు చూడని గదిలో జరుగును. పర్యవేక్షణ పని సాగనిచ్చి లెక్క అడుగును. అది నలుగురెదుట జరుగవలెను. వేళకు రాని పర్యవేక్షణ గొడ్డలివలె పడును. సూక్ష్మఋణ కంపెనీల సంగతి చూడుడు. మన ఉమ్మడిరాష్ట్రమున పల్లెపల్లెలో మహిళలకు వారపువాయిదాలపై అప్పులిచ్చి, ఒకరి అప్పు తీర్చుటకు వేఱొకరివద్ద అప్పు చేయు స్థితికి తెచ్చిరి. 2010 ఆగస్టులో వానిలో పెద్దదైన ఒక సంస్థ వాటాలు షేరుబజారులో ఘనముగ చేరెను. అదేకాలమున వసూలుదారుల వేధింపులకు తాళలేక ఆత్మహత్యలు జరిగినవని పల్లెలనుండి వార్తలు వచ్చెను. అక్టోబరు 15 న రాష్ట్రప్రభుత్వము ఆర్డినెన్సు తెచ్చినది. వేధింపు ఆగినది; దానితోపాటు తిరిగి చెల్లింపులును ఆగినవి, క్రొత్త అప్పులును ఆగినవి. న్యాయముగ అప్పు కావలసిన పేదరాలికి మరల వడ్డీవ్యాపారి గుమ్మమే దిక్కైనది. మూడేండ్లు ముందుగ, వడ్డీ యెంత, ఒక్కరికి ఎందఱు అప్పిచ్చుచున్నారని అడిగియుండినచో, గొడ్డలి ఎత్తవలసిన పని యుండెడిది కాదు. కంపెనీల మేలు కోరువారు సహితము సకాలపు కావలినే కోరవలెను.

మహాశయులారా! ఇంతవఱకు దొరతనము చేయవలసినది చెప్పితిమి. మనము చేయవలసినది చెప్పకున్న ఈ యుపన్యాసము సగమే యగును. కావలివానిని ఎవరు కాయవలెను? మనమే.

2005 లో వచ్చిన సమాచారహక్కు చట్టము మనకు గొప్ప ఆయుధము. మన యూరిప్రక్కన నున్న కర్మాగారమును అధికారులు కడపటిసారి ఎన్నడు తనిఖీ చేసిరి, ఏమి లోపము కనుగొనిరి, దానిపై ఏమి చర్య గైకొనిరి అని పదిరూపాయల రుసుముతో అడుగవచ్చును. రిజిస్టరైన కంపెనీ దాఖలుచేసిన పత్రములను కొలదిరుసుము చెల్లించి ఎవరైనను చూడవచ్చును. పరిశ్రమ పెట్టకమునుపు జరుగు ప్రజాభిప్రాయసేకరణకు మనలో ఎందఱు పోవుచున్నారు? ఆ సభలకు బాడుగజనము వచ్చి చప్పట్లు కొట్టుచుండ, చదువుకొన్నవారు ఇంట కూర్చుండి మఱునాడు పత్రికలో చదువుచున్నారు. ఒకవేళ షేరు కొన్నవారమైనచో, ఏటేటి సభలో లేచి ఒక్క ప్రశ్న యైనను వేసితిమా? 2013 చట్టము మదుపుదారులు కలిసి దావా వేయు హక్కును కూడ ఇచ్చినది. వాడని హక్కు తుప్పుపట్టిన కత్తి.

ఈ గ్రంథాలయమునకు మేమొక చిన్న కోరిక కోరుచున్నాము. మన జిల్లాలోని పెద్ద కంపెనీల వార్షిక నివేదికలను, కంట్రోలరు ఆడిటరు జనరలువారి నివేదికలను ఈ బల్లమీద నుంచుడు. నెలకొక సాయంకాలము లెక్కలెఱిగినవారు చదివి, తెలియనివారికి తెలుపవలెను. మేమును వచ్చెదము. ఓట్లకు వచ్చు ప్రతి అభ్యర్థిని, మీ పక్షమునకు ఏ కంపెనీ యెంత చందా ఇచ్చినదని ఇదే గదిలో అడుగుదము. పత్రికలవారమును ఈ ప్రశ్నకు వెలుపల నుండరాదు. ప్రకటనల సొమ్మును పుచ్చుకొను చేయియే వ్రాయు చేయి. ఎవరి ప్రకటన అచ్చువేసితిమో వారి తప్పును కూడ అచ్చువేయగల ధైర్యము మాకున్నదా యని పాఠకులు మమ్ము తప్పక నిలదీయవలెను.

ఇక ఆ ఉపాధ్యాయునకు చెల్లింపవలసిన బాకీ. "కంపెనీ ఎచట నుండును?" అని గదా ఆయన అడిగినది. నేడు మా జవాబిది: అయ్యా, కంపెనీ చట్టములో నుండును. దానికి తల్లి శాసనసభ; ఆ శాసనసభకు మీరును మేమును యజమానులము. కావున నిలదీయుటకు చోటు లేదనవలదు. మీ రసీదులకు సొమ్ము తెచ్చియిత్తునని మేము ప్రమాణము చేయజాలము. దావా నడుచుచున్నది, నడిపించుచున్నాము. కాని మీవలె ఇంకొకరు అధికవడ్డీ మాట విని మోసపోకమునుపే, ఆ డిపాజిటు పుచ్చుకొనుటకు మీకు అనుమతి యెవరిచ్చిరని ఊరిలో ఒక్కరైనను అడిగినచో, ఆ యడిగినవాడే కావలి. అతనికి జీతము లేదు, బిళ్ళ లేదు. ప్రజాస్వామ్యమునకు అతడు కావలెను.